బండి మనదే, పానా ఎవరిది?

స్కూటర్‌ను ఒక పక్కకు వంచి, కాసేపు అలాగే ఉంచి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టడం యాభై ఏళ్లకు అటూ ఇటూ ఉన్నవారందరికీ తెలిసిన విద్యే. చేతక్ కానివ్వండి, లాంబ్రెట్టా కానివ్వండి, మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్లు తయారుచేసిన పుష్పక్ కానివ్వండి, అప్పటి స్కూటర్లన్నీ టూ స్ట్రోక్ బండ్లు. పెట్రోల్లో ఆయిల్ కలిపి పోయాలి. ఆ ఆయిల్ పూర్తిగా కాలక ప్లగ్గు మొన మీద మసి కట్టేది. బండి ఎక్కడ పడితే అక్కడ ఆగిపోయేది. అందుకే డిక్కీలో ప్లగ్ పానా, ఒక స్పేర్ ప్లగ్గు, చిన్న శాండ్ పేపర్ ముక్క తప్పకుండా ఉండేవి. ఎల్‌ఐసీ ఏజెంటైనా, ఎలిమెంటరీ స్కూలు పంతులుగారైనా రోడ్డు పక్కన చొక్కా చేతులు మడిచి ప్లగ్గు విప్పి, తుడిచి, మళ్లీ బిగించి వెళ్లిపోయేవారు. వారికి మెకానిజం మీద మోజేమీ లేదు. ఆ పని రాకపోతే ఇల్లు చేరలేరు, అంతే.

1984లో హీరో, హోండా చేతులు కలిపాయి. మరుసటి ఏడాది సీడీ 100 వచ్చింది. అది ఫోర్ స్ట్రోక్ ఇంజను. పెట్రోల్లో ఆయిల్ కలపనక్కర్లేదు, ప్లగ్గు ఊరికే మసిబారదు, మైలేజి చూసి జనం ముక్కున వేలేసుకున్నారు. పెట్రోలు పొయ్యి, మూత పెట్టు, ఇక మరిచిపో అని చెప్పే ఆ బండి ఇంగ్లిష్ ప్రకటన దేశమంతా మారుమోగింది. 1994లో 97.2 సీసీ ఇంజనుతో వచ్చిన స్ప్లెండర్ ఆ మరపును ఇంటింటికీ చేర్చింది. ప్రకటన మాట్లాడింది పెట్రోలు గురించి. మనవాళ్లు ఇంజన్ ఆయిల్‌ను, చెయిన్‌ను, టైర్లలో గాలిని కూడా ఆ ఖాతాలోనే రాసేశారు.

ఇప్పుడు లక్ష రూపాయలు పెట్టి కొన్న బండికి ఆయిల్ ఎక్కడ చూడాలో తెలియనివాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నారు. ఓనర్స్ మాన్యువల్ ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా సీటు కిందో బీరువాలోనో పడి ఉంటుంది. దీన్ని బద్ధకం అని తిట్టిపోయడం సులువే గానీ, అసలు తంటా అంతా బండి మరీ మంచిదైపోవడం వల్ల వచ్చింది. బాగా తయారైన యంత్రం ఎంత నిర్లక్ష్యాన్నైనా కొంతకాలం ఓర్చుకుంటుంది. ఓర్చుకున్నన్నాళ్లూ నోరు మెదపదు. మెదిపేసరికి బిల్లు వేలల్లో ఉంటుంది.

బండి నడిపే ప్రతి ఒక్కరూ మెకానిక్ కావాలని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. బోరు విప్పడం, క్లచ్ ప్లేట్లు మార్చడం ఏళ్ల తరబడి చేతులు నల్లబడితే తప్ప పట్టుబడని పనులు. కానీ గాలి, ఆయిల్, చెయిన్, బ్రేకు చూసుకోవడం రిపేరు కిందికి రాదు. అది బండి నడపడంలో భాగం. ఎనిమిది అంకె వేసి చూపించి లైసెన్సు తెచ్చుకున్న మనిషికి ఈ నాలుగూ రాకపోతే అతనికి బండి నడపడం సగమే వచ్చినట్టు.

కొత్తగా నేర్చుకునేవారు చేసే మొదటి పొరపాటు, మొదటి రోజే పానా పట్టుకోవడం. యూట్యూబ్‌లో వీడియో చూస్తారు, ఆన్‌లైన్‌లో పానాల సెట్టు తెప్పిస్తారు, ఆదివారం పొద్దున్నే ఏదో ఒకటి విప్పేస్తారు. సాయంత్రానికి బండిని తోసుకుంటూ షెడ్డుకు వెళ్తారు. మొదటి నెల కళ్లతో నేర్చుకుంటే చాలు. చూడటానికే బోలెడంత ఉంది.

టైరుతోనే మొదలుపెట్టవచ్చు. గాలి ఎంత ఉండాలన్నది చెయిన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో అంటించిన స్టిక్కర్‌లో ఉంటుంది. ఒక్కరే వెళ్తే ఎంత, వెనక మనిషి కూర్చుంటే ఎంత అన్నది విడివిడిగా రాసి ఉంటుంది. పంక్చర్ షాపులో ఏ బండి వచ్చినా ఒకే లెక్కన గాలి కొట్టేస్తారు కాబట్టి అంకె చెప్పాల్సింది బండి మనిషే. గాలి చూడాల్సింది పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు. పది కిలోమీటర్లు తిరిగిన టైరులో గాలి వేడెక్కి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలు కూడా ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైన టైరని అర్థం. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు ఈ నాలుగు అంకెలు చదివితే, ‘టైర్లు నిన్న మొన్నే వేయించాం’ అన్న మాటలో ఎంత నిజముందో అక్కడికక్కడే తేలిపోతుంది.

డ్రమ్ము బ్రేకు బండ్లలో చాలామంది కంట పడని చిన్న బాణం గుర్తు ఒకటుంది. చక్రం పక్కన, బ్రేకు లివరు మొదట్లో ఉంటుంది. బ్రేకు పూర్తిగా నొక్కిపట్టినప్పుడు ఆ బాణం, పక్కనున్న గీతను చేరిందంటే లోపల బ్రేక్ షూ అరిగిపోయిందన్నమాట. చక్రం విప్పనక్కర్లేదు, ఎవర్నీ అడగనక్కర్లేదు. షూ మార్చాలా వద్దా అన్న ప్రశ్నకు బండే జవాబు చెబుతోంది.

ఆయిల్ చూడటానికీ ఒక పద్ధతుంది. హోండా తరహా ఇంజన్లలో ఆయిల్ మూతకే కొలత పుల్ల ఉంటుంది. బండిని సెంటర్ స్టాండ్ మీద నిలబెట్టి, ఇంజన్‌ను కొద్ది నిమిషాలు తిప్పి, ఆపి, ఆయిల్ కిందికి దిగేదాకా ఆగాలి. పుల్లను తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. సైడ్ స్టాండ్ మీద వంగి ఉన్న బండిలో చూసిన కొలత తప్పుడు కొలతే. కొన్ని బండ్లకు పుల్ల బదులు ఇంజన్ పక్కన గాజు కిటికీ ఉంటుంది, దానికి రెండు గీతలుంటాయి. ఆయిల్ ఆ రెంటి మధ్యన ఉండాలి. ఇంజన్‌కు మంచిదని పై గీత దాటించి పోసేవారు లేకపోలేదు. ఎక్కువైనా చేటే.

అసలు కథంతా చెయిన్ దగ్గర ఉంది.

చెయిన్ లూజైందని తెలియడం ఒక ఎత్తు, ఎంత బిగించాలో తెలియడం మరో ఎత్తు. కింది వరుస మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే, మామూలు కమ్యూటర్ బండికి రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి. సరైన అంకె మాన్యువల్‌లో ఉంటుంది. లూజుగా ఉండకూడదని లాగి బిగిస్తే, సీటు మీద మనుషులు కూర్చున్నప్పుడు చక్రం పైకి కదిలి చెయిన్ ఇంకా బిగుసుకుంటుంది. ఆ బరువంతా గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది. చెయిన్ అన్నిచోట్లా ఒకేలా అరగదు కూడా. కాబట్టి చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల చూసి, ఎక్కడ ఎక్కువ బిగువుగా ఉందో అక్కడి కొలత తీసుకోవాలి.

ఇప్పుడు బిగించడం. వెనక ఇరుసు నట్టు వదులు చేసి, రెండు పక్కలా ఉన్న అడ్జస్టర్లను సమానంగా తిప్పాలి. రెండు వైపులా గీతలుంటాయి. ఒక గీత తేడా వచ్చినా చక్రం వంకరగా కూర్చుంటుంది, చెయిన్ స్ప్రాకెట్ పళ్లను ఒక పక్కగా నమిలేస్తుంది. ఇంతవరకూ వీడియోలన్నీ చెబుతాయి. చాలా వీడియోలు చెప్పని సంగతి ఒకటుంది. చెయిన్ బిగించడమంటే వెనక చక్రాన్ని వెనక్కి జరపడమే. చక్రంతోపాటు బ్రేకు డ్రమ్మూ వెనక్కి జరుగుతుంది. బ్రేకు పెడల్ నుంచి డ్రమ్ముకు వెళ్లే రాడ్డు పొడవు మాత్రం మారదు. దాంతో పెడల్‌కు ఉండాల్సిన ఆట తగ్గిపోతుంది, ఒక్కోసారి కాలు పెట్టకుండానే బ్రేకు పట్టేస్తుంది. చెయిన్ బిగించుకుని సంతోషంగా బయల్దేరిన మనిషి, బండి లాగడం లేదేమిటా అని యాక్సిలరేటర్ ఇంకాస్త తిప్పుతాడు. వెనక డ్రమ్ము కాలిపోతుంటుంది. బ్రేకు లైటు ఆరకుండా వెలుగుతూనే ఉన్నా కారణం ఇదే. అందుకే చెయిన్ పని చెయిన్‌తో అయిపోదు. బ్రేకు పెడల్ ఆట సరిచేసి, లైటు స్విచ్చి చూసి, చక్రాన్ని చేత్తో తిప్పి ఒరుసుకోవడం లేదని నిర్ధారించుకున్నాకే అయినట్టు. బండిలో ఏ భాగమూ ఒంటరిది కాదన్న సంగతి పుస్తకం చదివితే తెలియదు. ఒకసారి చెయిన్ బిగిస్తే తెలుస్తుంది.

చెయిన్ దగ్గర ప్రమాదకరమైన అలవాటు ఒకటుంది. సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ స్టార్ట్ చేసి, గేరులో పెట్టి, తిరుగుతున్న చెయిన్‌ను గుడ్డతో తుడవడం. గుడ్డ చెయిన్‌కూ స్ప్రాకెట్‌కూ మధ్య చిక్కుకున్న క్షణంలో వేళ్లు కూడా దానితోపాటే వెళ్తాయి. తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే చెయిన్ మీద చెయ్యి వెయ్యాలి. చక్రాన్ని చేత్తోనే తిప్పుకోవాలి. ఇందులో మినహాయింపు లేదు.

ఇక పానా సంగతి. కొత్తవాళ్లకు విప్పడం రాదేమోనన్న భయం ఉంటుంది. నిజానికి బండ్లు పాడయ్యేది బిగించేటప్పుడు. ఇంజన్ కేసు అల్యూమినియం, బోల్టు ఉక్కు. బోల్టును బలంకొద్దీ బిగిస్తే బోల్టుకేమీ కాదు, ఇంజన్‌లోని మరలు పోతాయి. ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ బోల్టు దగ్గర జరిగేది అదే. చాలా హోండా తరహా బండ్లకు అది 17 నంబరు బోల్టు. ఆయిల్ కారకూడదన్న భయంతో ప్రతిసారీ ‘ఇంకొంచెం’ అంటూ తిప్పుతారు. నాలుగైదు మార్పులయ్యాక ఒకరోజు బోల్టు ఊరికే తిరుగుతూ ఉంటుంది. అప్పుడిక లేత్ షాపుకు వెళ్లి ఓవర్‌సైజు మర వేయించుకోవడమో, ఇన్‌సర్టు పెట్టించుకోవడమో తప్పదు. నిజానికి ఆయిల్ కారకుండా చూసేది బలం కాదు, బోల్టు కింద ఉండే పల్చటి వాషరు. కొన్ని రూపాయల వాషరు మారిస్తే వేల రూపాయల కేసు నిలుస్తుంది.

పానాల పొడవు వెనక కూడా ఒక లెక్క ఉంది. 10 నంబరు పానా పొట్టిగా, 19 నంబరు పానా పొడుగ్గా ఉండటం ఇనుము ఆదా కోసం చేసింది కాదు. 10 నంబరు తల ఉండే 6 మిల్లీమీటర్ల బోల్టుకు సాధారణంగా పది న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే పదిహేను సెంటీమీటర్ల పానా చివర ఏడు కిలోల బలం పెడితే సరిపోతుంది. మణికట్టుతో తిప్పితే వచ్చే బలం అది. భుజం దాకా వెళ్లిందంటే ఎక్కువైపోయినట్టే. చిన్న పానాకు పైపు తొడిగి తిప్పేవారు ఆ లెక్కను చెరిపేస్తున్నారు. టార్క్ రెంచి కొనుక్కుంటే మంచిదే. కొనలేనివారు పానాను మొదట్లో పట్టుకుని తిప్పడం అలవాటు చేసుకోవాలి. ఏ బోల్టునైనా ముందు వేళ్లతోనే మర ఎక్కించాలి. వేళ్లతో రెండు మూడు చుట్లు సాఫీగా తిరగని బోల్టు వంకరగా ఎక్కుతోందని అర్థం. స్పార్క్ ప్లగ్గుకు ఇది మరీ ముఖ్యం. దాని మర పోతే పోయేది ఇంజన్ హెడ్డే.

పానాల ఎంపికలోనూ జాగ్రత్త కావాలి. డబుల్ ఎండ్ పానా నట్టును రెండు పక్కలే పట్టుకుంటుంది, రింగ్ పానా ఆరు మూలలూ పట్టుకుంటుంది. మొండికేసిన నట్టుకు రింగే శరణ్యం. స్క్రూ రెంచితో, కటింగ్ ప్లేయరుతో నట్టు పట్టుకుంటే మూలలు అరిగి గుండ్రమవుతాయి. తర్వాత దాన్ని ఊడదీయడానికి ఉలీ సుత్తీ తేవాల్సిందే. మరో చిక్కుంది. జపాన్ డిజైన్ల నుంచి వచ్చిన బండ్లలో ప్లస్ గుర్తు స్క్రూలు మనం ఇంట్లో వాడే ఫిలిప్స్ రకం కాదు. జేఐఎస్ అనే జపాన్ కొలతవి. చూడటానికి ఒకేలా ఉంటాయి. మామూలు స్క్రూడ్రైవర్ అందులో పూర్తిగా కూర్చోక, బలంగా తిప్పినప్పుడు పైకి జారి స్క్రూ తలను గీకేస్తుంది. షెడ్డులో కుర్రాడు స్క్రూడ్రైవర్ తల మీద సుత్తితో ఒక్కటిచ్చి, అప్పుడు తిప్పేది అందుకే.

రాబర్ట్ పిర్సిగ్ 1968లో కొడుకును హోండా బండి వెనక కూర్చోబెట్టుకుని అమెరికాలో మిన్నెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా వెళ్లాడు. ఆ ప్రయాణం మీద రాసిన ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’ 1974లో వచ్చింది. దాన్ని చాలామంది తత్వశాస్త్రం కోసం చదువుతారు. అందులో సైడ్ కవర్ స్క్రూ ఒకటి తల అరిగి బిగుసుకుపోవడం గురించిన చర్చ ఉంది. పైసల ఖరీదు చేసే స్క్రూ ఊడిరాకపోతే బండి మొత్తం కదలదు కాబట్టి, ఆ క్షణంలో స్క్రూ విలువ బండి విలువతో సమానమంటాడాయన. తత్వం ఎలా ఉన్నా, ఒక్కసారైనా స్క్రూ తల గీసుకున్నవాడికి ఆ పేజీలు వెంటనే అర్థమవుతాయి.

ఆయిల్ విషయంలో షెడ్డుకూ పుస్తకానికీ పొంతన కుదరదు. కొన్ని కమ్యూటర్ బండ్ల మాన్యువల్స్‌లో 6,000 కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చమనీ, మధ్యలో 3,000 దగ్గర తగ్గినంత పోయమనీ ఉంటుంది. షెడ్డుకు వెళ్తే 2,000కే మార్చాలంటారు. దుమ్ము రోడ్ల మీద, ట్రాఫిక్‌లో, ముగ్గురేసి ఎక్కే బండికి కాస్త ముందే మార్చడంలో తప్పులేదు. కానీ పుస్తకం ఏం చెప్పిందో తెలిసి ముందే మార్చడం వేరు, ఏమీ తెలియక తలూపడం వేరు.

ఏ ఆయిల్ అన్నది ఇంకా ముఖ్యం. మోటార్‌సైకిల్‌లో ఇంజన్‌కూ, గేర్లకూ, క్లచ్‌కూ ఒకటే ఆయిల్. క్లచ్ ప్లేట్లు ఆ ఆయిల్లోనే మునిగి ఉంటాయి. కారు ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే రసాయనాలు కలిపినవి ఉంటాయి. వాటిని బైకులో పోస్తే క్లచ్ జారుతుంది. ఇంజన్ అరుస్తుంది, బండి కదలదు. అందుకే డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 అన్న గుర్తు చూడాలి. గేర్లు లేని స్కూటర్లకు ఎంబీ. ‘మంచి ఖరీదైన ఆయిల్’ అన్న మాటకు ఇక్కడ అర్థం లేదు. బండికి చెప్పిన ఆయిలే మంచి ఆయిల్.

ఆయిల్ ఎవరు మార్చినా ఖాళీ డబ్బాకు కన్నం పెట్టి పారేయడం మరవకూడదు. కంపెనీ డబ్బాల్లో నాసిరకం ఆయిల్ నింపి అమ్మే దందా ఖాళీ డబ్బాల మీదే నడుస్తోంది. ఇంజన్ నుంచి తీసిన నల్లటి ఆయిల్‌ను మురుగుకాల్వలో పోసేవారున్నారు. చెదలు పట్టకుండా ఉంటుందని కర్రలకూ గుంజలకూ పూసేవారున్నారు. మన చట్టం దాన్ని ప్రమాదకర వ్యర్థంగా లెక్కిస్తుంది. ఇంటి దగ్గర ఆయిల్ మార్చుకునేవారు దాన్ని డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనేవాళ్లకు వేసే షెడ్డుకు చేర్చడం పనిలో భాగమే. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లలో ఇక్కడ పానా ముట్టనివారు కూడా అక్కడ కారు ఆయిల్ సొంతంగా మార్చుకోవడం కనిపిస్తుంది. మెకానిక్ కూలి గంటకు వంద డాలర్లు దాటే చోట చేతులు వాటంతటవే నేర్చుకుంటాయి. అక్కడ స్పేర్ పార్టుల దుకాణాలు పనిముట్లు అరువిస్తాయి, వాడిన ఆయిల్ ఉచితంగా తీసుకుంటాయి. ఇక్కడ పెద్ద ఆయిల్ కంపెనీల్లో ఒక్కటైనా పెట్రోలు బంకు దగ్గర ఒక డ్రమ్ము పెడితే సగం సమస్య తీరుతుంది.

కొత్తవాళ్లు చెయ్యి పెట్టకూడని చోట్లు కూడా అంతే స్పష్టంగా చెప్పాలి. డిస్క్ బ్రేకులో గాలి తీయడం, ఏబీఎస్ పైపులు, ముందు ఫోర్కులు, ఇంజన్ లోపలి భాగాలు నేర్పేవారు పక్కన లేకుండా విప్పరాదు. బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పెయింటు మీద పడితే పొక్కులు లేపుతుంది. మూత తెరిచి రోజుల తరబడి ఉంచిన డబ్బాలోది వాడటం ప్రాణంతో చెలగాటం. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బైకుల్లో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. స్లో స్పీడ్ స్క్రూ తిప్పి ఐడ్లింగ్ సరిచేసిన పాత అనుభవం అక్కడ పనిచేయదు. అవి సెన్సర్లు చెప్పినట్టు నడిచే బండ్లు. వాటి లోపాన్ని చదవడానికి స్కానర్ కావాలి. కొత్త బండి వారంటీలో ఉన్నన్నాళ్లు ఫ్రీ సర్వీసులన్నీ కంపెనీ దగ్గరే చేయించి, రసీదులు దాచుకోవాలి. చూడటానికి మాత్రం ఏ వారంటీ అడ్డురాదు. ఎలక్ట్రిక్ స్కూటర్లకు ఆయిల్, ప్లగ్గు లేకపోయినా టైరు, బ్రేకు ఉన్నాయి. బ్యాటరీ జోలికి మాత్రం పోకూడదు.

ఇదంతా చదివి, మెకానిక్ పొట్ట కొట్టమంటున్నారా అని అడిగేవారుంటారు. విజయవాడ ఆటోనగర్ నుంచి ఊరి చివర రేకుల షెడ్డు దాకా, చిన్నప్పుడే పనిలో చేరి చెవితోనే ఇంజన్ జబ్బు పట్టే మనుషులు మనకున్నారు. వాళ్ల విద్యకు సరైన కూలి దక్కడం లేదన్నది నిజం. దక్కకపోవడానికి ఒక కారణం, బండివాడికి పని విలువ తెలియకపోవడమే. చెయిన్ బిగించడానికి ఎంతసేపు పడుతుందో, బ్రేకు ఆట ఎందుకు సరిచేయాలో తెలిసినవాడు ఆ పని శ్రద్ధగా చేసిన మెకానిక్‌తో బేరమాడడు. తెలియనివాడు ‘అన్నా, ఏదో సౌండొస్తోంది, చూడు’ అని బండి అప్పగించి టీ తాగడానికి వెళ్తాడు. తిరిగొచ్చేసరికి ఏం మార్చారో, పాత పార్టు ఏదో అడగడు. తెలిసినవాడు ‘మూడో గేరులో, యాక్సిలరేటర్ వదిలినప్పుడు, చెయిన్ వైపు నుంచి టకటకమంటోంది’ అంటాడు. మెకానిక్‌కు సగం పని అక్కడే తగ్గుతుంది. నిజాయితీగా పనిచేసేవాడికి ఇలాంటి గిరాకీ వల్ల నష్టమేమీ లేదు. నష్టపోయేది మంచి పార్టు మార్చి పాత పార్టు చూపించనివాడే.

వాటర్ సర్వీసింగ్ మీద కూడా ఒక మాట. వాషింగ్ అయ్యాక ఇంజన్ మీద డీజిల్ చల్లి మెరిపించడం మన దగ్గర చాలాచోట్ల ఉన్న ఆచారం. బండి ఇంటికొచ్చేదాకా మెరుస్తుంది. ఆ తర్వాత దుమ్మంతా దానికే అతుక్కుంటుంది, రబ్బరు పైపులు మెత్తబడతాయి. వద్దని చెప్పడానికి పానా కూడా అక్కర్లేదు.

ఆడవాళ్ల విషయం విడిగా చెప్పాలి. మన రెండు రాష్ట్రాల్లోనూ స్కూటర్ మీద ఉద్యోగాలకు వెళ్లే స్త్రీలు లక్షల్లో ఉన్నారు. ఇంట్లో బండి పని అనగానే తమ్ముణ్నో భర్తనో పిలవడం ఇంకా పోలేదు. షెడ్డు ముందు నిలబడితే మెకానిక్ కూడా పక్కనున్న మగవాడితోనే మాట్లాడతాడు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పి పంక్చర్లు వేసే మహిళ గురించి కొన్నేళ్ల కిందట పత్రికలన్నీ రాశాయి. లారీ టైరు విప్పే చేతులున్న చోట స్కూటర్ ఆయిల్ పుల్ల చూడటం ఆడవాళ్ల పని కాదనడం హాస్యాస్పదం. పది మంది ఉద్యోగినులున్న ఏ ఆఫీసైనా ఒక శనివారం మధ్యాహ్నం ఒక మెకానిక్‌ను పిలిపించి, కూలి ఇచ్చి గంటసేపు చెప్పించుకోవచ్చు. వీడియోల కన్నా అదే మేలు, ఎందుకంటే చెయ్యి తప్పుగా పెట్టినప్పుడు వీడియో ఆపదు, మనిషి ఆపుతాడు.

అయితే ఒక్కొక్కరి ఉత్సాహం మీద ఈ భారమంతా వదిలేయడం సరికాదు. ప్రభుత్వం తలచుకుంటే ఒక్క ఉత్తర్వుతో అయ్యే పనుంది. బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ లైసెన్సు పరీక్ష రెండో దశలో, రోడ్డు మీదికి వెళ్లకముందే ‘చూపించు, చెప్పు’ అనే ప్రశ్నలుంటాయి. ఆయిల్ ఎలా చూస్తావు, టైర్లు సరిగ్గా ఉన్నాయని ఎలా తెలుసుకుంటావు, బ్రేకు లైటు పనిచేస్తోందో లేదో చూపించు అని అడుగుతారు. మన దగ్గర ఎల్‌ఎల్‌ఆర్ పరీక్షలో ఏం అడగాలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 11వ నిబంధన చెబుతోంది. అందులోని అంశాలు ట్రాఫిక్ గుర్తులు, సిగ్నళ్లు, రూల్సు. ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు బాధ్యతలు. కాపలా లేని రైల్వే గేటు దాటేటప్పుడు జాగ్రత్తలు. దగ్గర ఉంచుకోవాల్సిన కాగితాలు. కాపలా లేని గేట్లను బ్రాడ్‌గేజ్ లైన్ల మీద పూర్తిగా ఎత్తేశామని రైల్వే శాఖ 2019లోనే ప్రకటించింది. దేశంలో దాదాపు కనుమరుగైన గేటు గురించి అడుగుతున్నాం, రోజూ రోడ్డు మీద తిరిగే టైరు గురించి అడగడం లేదు. డ్రైవింగ్ స్కూళ్ల సిలబస్‌లో వాహనం పనితీరు గురించిన పాఠం ఉన్న మాట నిజమే. బైకు నేర్చుకోవడానికి స్కూలుకు వెళ్లేదెవరు? బాబాయి నేర్పిస్తాడు, లేదా స్నేహితుడు.

రిపేరు హక్కు గురించి కేంద్రం మాట్లాడుతూనే ఉంది. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో దీనికో కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ తెరిచింది. వాహనాలు కూడా ఆ పరిధిలో ఉన్నాయి. మంచిదే. కానీ మాన్యువల్ చదవని మనిషి, హక్కు ఇచ్చినా వాడుకోలేడు. హీరో కంపెనీకి తిరుపతి జిల్లా సత్యవేడు ప్రాంతంలో ఫ్యాక్టరీ ఉంది. తెలుగు నేల మీద తయారయ్యే బండి తెలుగువాడి చేతికి వచ్చేటప్పుడు, దానితోపాటు చక్కటి వాడుక తెలుగులో, బొమ్మలతో ఉన్న పుస్తకం కూడా రావాలని కొనుగోలుదారులు షోరూములో నిలబడి అడగాలి. ఏ కంపెనీ బండి కొన్నా అడగాలి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రవాణా శాఖలు కేంద్ర నిబంధన మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. కేంద్రానికి సవరణ కోరుతూ లేఖ రాస్తూనే, టెస్టు ట్రాకు దగ్గర వరుసలో నిలబడ్డవారికి ఇన్‌స్పెక్టరో, పక్క ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు చదివే విద్యార్థో ఒక పాత బండి మీద పదిహేను నిమిషాలు గాలి, ఆయిల్, చెయిన్, బ్రేకు చూపించవచ్చు. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు. వచ్చే విద్యాసంవత్సరం కాలేజీలు తెరిచి, పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లలు ఎల్‌ఎల్‌ఆర్ కోసం బారులు తీరేలోగా మొదలుపెట్టాలి.